రేకులు మింగిన ఫోను

మా ఇంట్లో మొదట చెప్పిన మాటని ఎవరూ నమ్మరు. అబద్ధమని కాదు, బేరానికి చోటుంచి చెప్పిన మాట అని. అమలాపురంలో మా నాన్నగారిది దారాలు, గుండీలు, జిప్పులు అమ్మే కొట్టు. గుండీల డబ్బా మూత తియ్యకముందే ఆయన ఒక ధర చెప్పేవారు. కొనేవాళ్ళు దాన్ని సగానికి కోసేవారు. ఆయన గుండె మీద చెయ్యి వేసుకునేవారు. వాళ్ళు మెట్లు దిగేవారు. "ఏవండోయ్, అలా వెళ్ళిపోతారేంటండీ" అని ఆయన వెనక్కి పిలిచేవారు. ఒకసారి ఎవరో చెబితే విని 'ఒకే ధర' అని బోర్డు రాయించారు. వచ్చినవాళ్ళు ఆ బోర్డుని పైనుంచి కిందదాకా చదివి, "బోర్డు సంగతి సరేనండీ, మాకెంతకిస్తారో చెప్పండి" అన్నారు. బోర్డు అటకెక్కింది.

ఆ కొట్లో పెరిగిన నాకు జ్వరం వస్తే, వారంపాటు పచ్చడి ముట్టొద్దన్న డాక్టరుగారిని, నాలుగు రోజులకి సర్దుకోకూడదాండీ అని అడిగాను. ఇప్పుడు కొట్టు మేడమీది గదిలో కూర్చుని, దూరంగా ఎక్కడో ఉన్న కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంటాను. ఏ పనికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగినా అసలుకి రెండింతలు చెబుతాను. వాళ్ళు పాపం అలాగే ఒప్పుకుంటారు. అంత సులువుగా ఒప్పుకునేసరికి, ఇంకా ఎక్కువ చెప్పాల్సిందని ఆ పూటంతా బాధపడతాను.

మా మేనత్తది రాజోలు దగ్గర ఊరు. నాన్నగారికి అక్క. కాలవగట్టు మీద చర్చి, చర్చి వెనక వీధి, ఆ వీధిలో ప్రతి అరుగు మీదా లేసు అల్లే ఆడవాళ్ళు. అందులో మా అత్తయ్య చెయ్యి పెద్ద చెయ్యి. ఆవిడ అల్లిన లేసుని తిరగేసి చూస్తే ఏది ముందో ఏది వెనకో తెలియదు. అలాంటి మనిషికి రెండేళ్ళుగా కళ్ళలో నడిమి చూపు మసకబారుతూ వచ్చింది. పక్కచూపు బాగానే ఉంది. "మనిషి మొహం కనపడదే, చెవికమ్మలు కనపడతాయి. కమ్మల్ని బట్టి పోలుస్తున్నాను ఎవరొచ్చేరో" అని నవ్వేది. ఇంతకుమించి పోకుండా చూసుకోవడమే గాని పోయిన చూపు రాదని కంటి డాక్టరుగారు చెప్పేశారు. అక్కడ బేరానికి చోటు లేదు. నేను ప్రయత్నించాను.

చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. కుట్టు కుట్టుకీ చూడక్కర్లేదు, వేళ్ళకి తెలుసు. చిక్కంతా కొత్త డిజైనుతో. కోతపండుగనాటికి చర్చిలో ప్రభువు బల్ల మీదికి కొత్త గుడ్డ అల్లి ఇస్తానని అత్తయ్య మాటిచ్చింది. పాస్టరమ్మగారు ఎక్కడిదో డిజైను కాగితం తెచ్చి ఇచ్చారు. పువ్వుకి ఎనిమిది రేకులు, ఏ రెండు రేకులూ ఒకలా ఉండవు. కాగితం మీది గళ్ళు అత్తయ్యకి కనిపించవు. కంఠతా వచ్చిన పాత డిజైను అల్లెయ్యొచ్చుగా అంటే కోప్పడింది.

"ఆ డిజైను ఈ వీధిలో ప్రతి టీవీ మీదా ఉంది. ప్రభువు బల్ల మీదికి టీవీ మీది గుడ్డా?"

ఈ గుడ్డ కుదరకపోతే ఇంక సూది ముట్టనని, దారం సంచీ ఎదురింటావిడకి ఇచ్చేస్తానని కూడా అంది. ఆ మాట అంటున్నప్పుడు నవ్వలేదు. బేరానికి అన్న మాటేదో, బేరానికి కాని మాటేదో నాకు తెలుసు. ఇది బేరం మాట కాదు.

అందుకని ఒక చిన్న ప్రోగ్రాం రాసి ఆవిడ ఫోన్లో పెట్టాను. ఫోను ఒక్కో రేకూ ఎలా అల్లాలో చెబుతుంది. అల్లడం అయ్యాక "తరవాత" అంటే పక్క రేకు చెబుతుంది. ఎనిమిదీ అయితే మళ్ళీ మొదటినుంచి. తప్పు పోతే "వెనక్కి" అనాలి. ఆ రేకు మొదలెట్టిన చోటికి తీసుకెళ్ళి మళ్ళీ చెబుతుంది. అన్నీ నేర్పాను. తీరా చూస్తే ఆవిడ "తరవాత" అనడం లేదు. ఫోను చెప్పినదంతా శ్రద్ధగా విని, మా వైపు మర్యాదగా అవునండీ అనడానికి బదులనే "ఆయ్" అంటోంది.

"ఆయ్ కాదండీ అత్తయ్యా, తరవాత అనండి."

"అంత మర్యాదగా చెబుతుంటే, ఆయ్ అనకుండా తరవాత, తరవాత అని తరమమంటావేంటే?"

తిరిగొచ్చి ప్రోగ్రాంనే మార్చాను. "ఆయ్" అంటే పక్క రేకు. ఇది మాత్రం బేరం లేకుండా ఒప్పుకున్నాను.

కొన్నాళ్ళు బాగానే నడిచిందనుకున్నాను. ఒక పొద్దున్న అత్తయ్య దగ్గర్నుంచి ఫోను.

"నీ ఫోను రేకులు మింగేస్తోంది."

"మింగడమేంటండీ?"

"ఎనిమిది రేకుల పువ్వుకి నాలుగే చెబుతోంది. పైన నాలుగూ లేవు. సగం కోసిన నిమ్మకాయలా ఉంది పువ్వు. మొదటి పువ్వు బానే ఉంటుంది. రెండో దగ్గర్నుంచి అన్నీ సగమే."

బస్సెక్కి వెళ్ళాను. అరుగు మీద ఎదురింటావిడ కూడా కూర్చుని తన లేసు తను అల్లుకుంటోంది. అత్తయ్య నా చేతిలో పెట్టిన ముక్క చూస్తే మాట నిజమే. ఒక నిండు పువ్వు, ఆ పక్కన వరసగా సగం పువ్వులు. కంపెనీకి రాసే ప్రోగ్రాముల్లో తప్పులు తెర మీద ఎర్ర అక్షరాల్లో కనిపిస్తాయి. ఇలా తెల్లటి దారంతో అల్లి, గంజి వాసనతో చేతికి రావడం నాకు అదే మొదలు.

అయినా సరుకులో లోపం ఉందని ఒప్పుకునే వంశం కాదు కదా మాది. ఎదురింటావిడ ఏదో అడగడం, అత్తయ్య "ఆయ్" అనడం, ఫోను అది తనకే అనుకుని పక్క రేకుకి వెళ్ళిపోవడం నా కళ్ళముందే ఒకసారి జరిగింది. పట్టుకున్నాను.

"చూసేరా? ఫోను మింగడం లేదండీ. మీ ఆయ్‌లే మింగుతున్నాయి."

అత్తయ్య సూది ఒళ్ళో పెట్టేసింది. "అంటే నాకు మతి లేక, ఎనిమిది ఆయ్‌ల చోట పదహారు అంటున్నానంటావు."

ఎదురింటావిడ నాకేసి చూసి, చూడనట్టు తల దించుకుంది. నేనన్నది ఎంత మొరటో అప్పుడు తెలిసింది. అది లెక్కకీ నిలవదు. ఎవరి ఆయ్‌లో తగులుకుంటే ఎక్కడో ఒక రేకు పోవాలి గాని, ప్రతి పువ్వుకీ అవే నాలుగు రేకులు పోవు. ఆ లెక్క నాకు బస్సులో తట్టింది. ఆవిడ ముందు తట్టలేదు.

ఇంటికొచ్చి, నా ఫోన్లో కూడా అదే ప్రోగ్రాం పెట్టి, నేనే ఆయ్, ఆయ్ అంటూ పువ్వు తరవాత పువ్వు చెప్పించాను. అన్నీ నిండు పువ్వులే. "వెనక్కి" కూడా పరీక్షించాను. పువ్వు ఒకటి పూర్తయ్యాక, రెండోదాని మధ్యలో, మూడోదాని చివర. ఎక్కడా రేకు పోలేదు. కింద కొట్లోంచి నాన్నగారు, "ఎవరికమ్మా అన్ని ఆయ్‌లు, కంపెనీవాళ్ళకా?" అని కేకేశారు.

ఇక మిగిలింది ఒకటే. అత్తయ్య చేస్తున్నదీ, నాకు చెప్పనిదీ ఏదో ఉంది. ఫోన్లో అడిగాను.

"మీరు ఎప్పుడైనా వెనక్కి అన్నారా?"

"నేనా? విప్పడమా?" అంది, నేనేదో దొంగతనం అంటగట్టినట్టు.

ఆ వీధిలో ఒక పట్టింపు ఉంది. లేసు అల్లేవాళ్ళు పక్కవాళ్ళు చూస్తుండగా విప్పరు. తప్పు పోతే పొయ్యి మీద పాలు గుర్తొచ్చినట్టు లేచి, పెరట్లోకి వెళ్ళి, అక్కడ విప్పి, దారం చుట్టుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంటారు. అందరికీ తెలుసు. ఎవరూ అనరు. ఆ వీధిలో అన్నిసార్లు పాలు పొంగుతాయి గాని ఏ ఇంట్లోనూ మీగడకి లోటుండదు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి అరుగు మీద కాదు, వంటింట్లో కూర్చోబెట్టి బేరం మొదలెట్టాను. ముందు నా వైపునుంచి కొంత దిగాను.

"ఆయ్‌ల మాట నాది తప్పండి. ఇంక చెప్పండి, వెనక్కి అన్నారా లేదా?"

"ఎదురింటావిడకి చెబుతావా?"

"చెప్పనండి."

"మీ నాన్నకి?"

"ప్రభువు బల్ల మీద ఒట్టండి."

"అలాంటి ఒట్లు పెట్టకు." కొంగు సర్దుకుంది. "ఎప్పుడో ఒకసారి అన్నానేమో."

"ఒకసారికి ఇన్ని పువ్వులు సగమవ్వవండీ."

"సరే, అప్పుడప్పుడూ."

"అత్తయ్యా."

"రోజూనే తల్లీ! పొద్దున్నే చెయ్యి పట్టుకోదు. మొదటి పువ్వులో సగానికొచ్చేసరికి ఎక్కడో జారుతుంది. విప్పుతాను. ఆ ఫోన్ని పెరట్లోకి తీసుకెళ్ళి, కొంగు కప్పుకుని, దాని చెవిలో వెనక్కి అంటాను. చాలా?"

మొదటి పువ్వులో. నేను పరీక్షించనిది అదొక్కటే. తప్పులు మధ్యలో జరుగుతాయని అనుకున్నాను, మొదట్లోనే జరుగుతాయని నాకు తట్టలేదు. అక్కడే, వంటింటి పీట మీద కూర్చుని ప్రోగ్రాం మొదలెట్టి, నాలుగు ఆయ్‌లు అని, ఐదో రేకు దగ్గర వెనక్కి అన్నాను. మొదటి పువ్వు సవ్యంగా ముగిసింది. రెండో పువ్వు ఐదో రేకుతో మొదలైంది. మూడోదీ అంతే.

అత్తయ్య వింటూ, "మింగిందా?" అంది.

"మింగిందండీ."

"నే చెప్పలా!"

ఇంటికొచ్చి నేను రాసిన ప్రోగ్రామంతా తిరగేశాను. అందులో తప్పు కనపడలేదు. ఆ కిందికి వెళ్ళి, నేను ప్రోగ్రాములు రాసే భాషతోపాటే సిద్ధంగా వచ్చే ముక్కలు, లైబ్రరీ అంటారు, అందులో చూశాను. కొట్లో నాన్నగారు దారపు ఉండలు చూపించేటప్పుడు, చిన్నప్పుడు నేను పక్కన నిలబడి రంగుల వరసలో ఒక్కొక్కటీ అందించేదాన్ని. ఏది ఇచ్చాను, ఇంక ఇవ్వాల్సిందేది అన్నది నా బుర్రలో ఉండేది. ప్రోగ్రాముల్లో ఆ పని చేసేదాన్ని ఇటరేటర్ అంటారు. వరస అయిపోతే మళ్ళీ మొదటికొచ్చే రకం ఒకటుంది. అది మొదటి చుట్టులో తను అందించిన ప్రతిదాన్నీ ఒక పక్కన పోగేసుకుంటుంది. రెండో చుట్టునుంచి ఆ పోగులోంచే తీసి ఇస్తుంది.

వెనక్కి వెళ్ళాలంటే వెనకటి స్థితి ఎక్కడో దాచి ఉండాలి కదా. అందుకని నా ప్రోగ్రాం ప్రతి రేకు మొదట్లోనూ ఆ ఇటరేటర్ని కాపీ చేసి పెట్టుకుంటుంది. అంటే, నీ బదులు ఇంకొకర్ని నిలబెట్టు, నీకు తెలిసినదంతా వాళ్ళకి చెప్పు అనడం. మొదటి చుట్టు అయ్యాక అడిగితే అంతా చెబుతుంది. మొదటి చుట్టు మధ్యలో అడిగితే మాత్రం, నువ్వు ఐదో రేకు దగ్గరున్నావు అని చెప్పి ఊరుకుంటుంది. అంతవరకూ పోగేసినది చేతికివ్వదు. కొత్తగా నిలబడ్డదానికి తనెక్కడుందో తెలుసు. దాటొచ్చిన నాలుగు రేకులూ తెలియవు. తన లోకంలో పువ్వు ఐదో రేకుతోనే మొదలు.

తప్పు నాది కాదు! కొట్టువాళ్ళ పిల్లకి ఇంతకన్నా పండగేముంటుంది? సరుకు పైనుంచే అలా వచ్చిందండీ అని చెయ్యి ఊపెయ్యొచ్చు. మర్నాడు వెళ్ళి, అత్తయ్య ఫోన్లో ఆ కాపీ అవసరం లేకుండా వేరే దారిలో మార్చేసి, సంబరంగా చెప్పాను.

"బాగుచేసేశానండి. తప్పు మీదీ కాదు, నాదీ కాదు. భాష చేసినవాళ్ళది."

అత్తయ్య సూదిని పౌడరు డబ్బాలో వేసి మూత పెట్టింది.

"మొన్న నా ఆయ్‌లదన్నావు. ఇవాళ ఎవరో కనపడనివాళ్ళదంటున్నావు. నీ మాట సగానికి కోసి వినాలని నాకు తెలుసు, మీ నాన్నతో పెరిగినదాన్ని. ఆ చేసినోళ్ళెవరో వాళ్ళ నోటితో చెప్పమను, అప్పుడు ముట్టుకుంటాను. లేదంటే ఆదివారం ఆరాధన అయ్యాక సంచీ ఎదురింటావిడకి ఇచ్చేస్తాను."

ఫోను బాగైంది, మనిషి నమ్మలేదు. అలా నమ్మకపోవడానికి తరాలనుంచీ నా ఇంటివాళ్ళు, నేనూ కష్టపడ్డాం.

ఆ భాషని చూసుకునేవాళ్ళు ప్రపంచంలో తలో చోటా ఉంటారు. తప్పు కనిపిస్తే వాళ్ళ పేజీలో అందరికీ కనపడేలా రాయాలి. రాశాను. ఎలా రాశాను? కొట్లో ధర చెప్పినట్టు రాశాను. మీ ఇటరేటర్ని కాపీ చేస్తే ఎప్పుడూ, ఎక్కడైనా, అన్నిరకాలుగానూ పాడవుతోంది, ఇది వాడుతున్నవాళ్ళందరి పనీ ప్రమాదంలో ఉంది అన్నాను. వాళ్ళు అబ్బే, అంత లేదండీ అంటారు, నేను కొంచెం దిగుతాను, మధ్యలో ఎక్కడో తెగుతుందని నా లెక్క.

జవాబొచ్చింది. మొదటి చుట్టు పూర్తయ్యాక కాపీ చేసి చూశాను, సరిగ్గానే ఉంది, మీరు చెప్పినట్టు జరగడం లేదు, అందుకని మీ ఫిర్యాదు మూసేస్తున్నాను అని. మర్యాదగానే ఉంది. మెట్లు దిగి వెళ్ళిపోయారు. వెనక్కి పిలుద్దామంటే వీధిలో లేరు.

కిందికి దిగి నాన్నగారికి చెప్పుకున్నాను. అత్తయ్య విప్పిన సంగతి మాత్రం చెప్పలేదు. ఆయన గుండీలు ఏరుతూ విన్నారు.

"వాళ్ళు బేరమాడే మనుషులు కారేమోనమ్మా."

"మరెలా నాన్నా?"

"ఉన్న ధర చెప్పి చూడు. నేనెప్పుడూ చెప్పలేదనుకో. అయినా చెప్పి చూడు, ఏమవుతుందో." నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టు నావైపు చూశారు.

ఉన్న ధర చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. 'ఎప్పుడూ' తీసేశాను. 'ఎక్కడైనా' తీసేశాను. ప్రతి మాట తీసేసినప్పుడూ సొమ్ము పోతున్నట్టే ఉంది. చివరికి చిటికెడు ప్రోగ్రాం ముక్క మిగిలింది. ఎనిమిది రేకుల పేర్లు, నాలుగు దాటాక ఒక కాపీ, ఆ తరవాత ఏం రావాలి, ఏం వస్తోంది. మొదటి చుట్టు మధ్యలో కాపీ చేసినప్పుడు మాత్రమే అని రాశాను. 'మాత్రమే' అన్న మాట మా ఇంట్లో ఎవరూ అంతకుముందు వాడి ఉండరు. ముందు రాసినది ఎక్కువ చేసి రాశానని, మన్నించమని ఒక వాక్యం పెట్టాను. అత్తయ్య సగం పువ్వుల ఫొటో కూడా పెట్టాను.

జవాబు శనివారం మధ్యాహ్నానికి వచ్చింది.

ఆదివారం నేను వెళ్ళేసరికి ఆరాధన అయిపోయింది. ఎదురింటావిడ అరుగు మీద ఉంది. దారం సంచీ అప్పటికే ఆవిడ ఒళ్ళో ఉంది. పుచ్చుకున్న మనిషిలా లేదు. ఎవరి బిడ్డనో కాసేపు ఎత్తుకున్నట్టు పట్టుకుంది.

"నాకెందుకండీ అక్కగారూ ఇంత దారం, మీరే ఉంచుకోండి" అంటోంది.

"కానీలే చెల్లెమ్మా" అంటోంది అత్తయ్య. పక్కచూపుతో నా కమ్మలు చూసి, "వచ్చేవా? ఏమన్నారు మీవాళ్ళు?" అంది.

తెలుగు చేసి చదివాను. మీరు చెప్పినది నిజం. తప్పు మాది. మొదటి చుట్టులో పోగేసినదాన్ని కాపీకి ఇవ్వడం మరిచిపోయాం. ఈ భాగం రాసింది నేనే. సరిచేస్తున్నాను. మళ్ళీ ఎవరైనా మార్చినప్పుడు ఇదే తప్పు రాకుండా మీ ఎనిమిది రేకులనే పరీక్షగా పెడుతున్నాను. ఫొటోలో ఉన్నది ఏమిటో చెప్పగలరా? చాలా అందంగా ఉంది.

అత్తయ్య నా దగ్గరికి జరిగింది.

"ఇది నీకొక్కదానికే రాసేడా?"

"కాదండీ. ఎవరైనా చదవొచ్చు."

"ఎవరైనా అంటే?"

"ప్రపంచంలో ఎవరైనానండి."

"అందరూ చూసేచోట, రాసింది నేనే, తప్పు నాదే అని రాసేడు."

"ఆయ్."

"ఎవరూ నవ్వలేదా?"

"లేదండీ. ఒకాయన బాగుందని బొటనవేలు బొమ్మ పెట్టేడు."

"ఇందులో నువ్వు కలిపిందెంత?"

"ఏమీ లేదండీ." నిజంగానే లేదు. చెబుతుంటే నాకే కొత్తగా ఉంది.

అత్తయ్య చెయ్యి చాపింది. "చెల్లెమ్మా, ఆ సంచీ ఇలా ఇయ్యి."

ఎదురింటావిడ ఎంత తొందరగా ఇచ్చిందంటే, దారపు ఉండ ఒకటి దొర్లి మెట్లు దిగిపోయింది. నేను వెళ్ళి తెచ్చాను. అత్తయ్య పౌడరు డబ్బాలోంచి సూది తీసి, ఫోను పక్కన పెట్టుకుని మొదలెట్టింది. ఫోను చెప్పడం, ఆవిడ ఆయ్ అనడం. వారంపాటు ముట్టని చెయ్యి, పట్టుకోలేదు. నాలుగో రేకు దగ్గర వేళ్ళు ఆగాయి. వెనక్కెళ్ళి తడుముకున్నాయి. ఎదురింటావిడ మర్యాదగా వీధికేసి చూడడం మొదలెట్టింది. ఇప్పుడు పాలు పొంగాలి. నేను కూడా, మీరు లోపలికెళ్ళండి, పాలు ఉన్నాయేమో అనబోయాను.

"వెనక్కి" అంది అత్తయ్య. మామూలు గొంతుతో, అరుగు మీద, అందరూ వినేలా.

తరవాత దారం చివర పట్టుకుని లాగింది. విప్పుతుంటే వచ్చే ఆ సన్నటి చప్పుడు ఆ వీధిలో పట్టపగలు విన్నవాళ్ళు ఉండరు. ఎదురింటావిడ నోరు తెరిచి చూసింది. కాసేపటికి తన మోకాలి కిందినుంచి చిక్కుపడ్డ ముక్క ఒకటి మెల్లిగా బయటికి తీసి, మా ఇద్దరివైపూ చూడకుండా, తనూ విప్పడం మొదలెట్టింది.

"ఆ ఫోను మాటలు నాకూ పెట్టిస్తావామ్మా?" అంది నాతో, తల ఎత్తకుండానే. "ఏం తీసుకుంటావు?"

నోటిదాకా ఒక మాట వచ్చింది. దాని సగం ఎంతో, ఆవిడ ఎంతకి దిగుతుందో అన్నీ వచ్చాయి. "ఏమీ వద్దండీ" అన్నాను. ఆవిడ అనుమానంగా చూసింది. ఆ మాటని ఎక్కడ కోయాలో ఆవిడకి తెలియలేదు.

అప్పటికి మొదటి పువ్వు అయింది. అత్తయ్య రెండోది మొదలెట్టి, అల్లుతూ అల్లుతూ, రేకు రేకుకీ వేలికొస తిప్పి చూసుకుంటోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మింగినవన్నీ ఉన్నాయి. కోతపండుగకి ఇంకా రోజులున్నాయి. కాలవగట్టు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు. ఫోను ఐదో రేకు చెప్పింది.

"ఆయ్" అంది అత్తయ్య.